ఒకే ఇంజన్, రెండు కాపురాలు: సీఎన్‌జీ కారు సమగ్ర మార్గదర్శి

మా కారు గ్యాస్ (సీఎన్‌జీ, అంటే నొక్కి నింపిన సహజ వాయువు) మీద ఉన్నప్పుడు, మూడో గేరులో ఎత్తు ఎక్కుతుంటే ఎక్కిళ్లు పెట్టేది. పెట్రోల్‌కి మార్చగానే బుద్ధిగా నడిచేది. గ్యాస్ కిట్ (పెట్రోల్ కారుని గ్యాస్ మీద కూడా నడిపించే సామాను) బిగించిన షెడ్డుకి తీసుకెళ్తే ముందు గ్యాస్ ఇంజెక్టర్లు మార్చారు. తగ్గలేదు. తర్వాత గ్యాస్ పీడనం తగ్గించే రెడ్యూసర్ విప్పి, దాని లోపలి పలచటి పొర, డయాఫ్రమ్, మార్చారు. అప్పుడూ తగ్గలేదు. ఇంకో మెకానిక్ దగ్గరికి వెళ్తే ఆయన కిట్ వైపు కన్నెత్తి కూడా చూడలేదు. నేరుగా స్పార్క్ ప్లగ్గులు విప్పి, రవ్వ దూకే కొనల మధ్య గ్యాప్ కొలిచి, నా చేతిలో పెట్టాడు. అరిగిపోయి గ్యాప్ మిల్లీమీటరు దాటింది. నాలుగు కొత్త ప్లగ్గులు వేసి అరగంటలో పంపించేశాడు.

పెట్రోల్ మిశ్రమం బలహీనమైన నిప్పురవ్వకి కూడా అంటుకుంటుంది. గ్యాస్ మిశ్రమంలో ఆ రవ్వ పుట్టడానికి ఎక్కువ వోల్టేజీ కావాలి. అంటే పెట్రోల్ సర్దుకుపోయిన లోపాన్ని గ్యాస్ బయటపెట్టింది. సీఎన్‌జీ కారు గురించి నాకు తెలిసినదంతా ఈ ఒక్క సంగతి చుట్టూనే తిరుగుతుంది: మీరు ఇంధనం మార్చడం లేదు, ఒకే ఇంజన్‌తో రెండు కాపురాలు చేయిస్తున్నారు. రెండిళ్లూ సరిగ్గా చూసుకున్నవాళ్లకి డబ్బు మిగులుతుంది. ఒకదాన్ని గాలికొదిలేసినవాళ్లకి మిగిలేది షెడ్డు బిల్లులే.

లీటర్లు మరిచిపోయి కిలోల్లో ఆలోచించండి

సీఎన్‌జీ అంటే ఎక్కువ భాగం మీథేన్. మామూలు గాలి పీడనంలో ఒక కిలో గ్యాస్ దాదాపు ఒకటిన్నర ఘనమీటర్ల చోటు తీసుకుంటుంది. కారులో పట్టే తొమ్మిది కిలోలని అలాగే వదిలేస్తే ఎనిమిదడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పు, ఏడడుగుల పైచిలుకు ఎత్తున్న గది నిండుతుంది. ప్రపంచ యుద్ధాల కాలంలో పెట్రోల్ దొరక్క కొందరు నిజంగానే కారు పైకప్పు మీద పరుపంత గ్యాస్ సంచులు కట్టుకుని తిరిగారు. ఆ సంచిని డిక్కీలోకి దింపాలంటే గ్యాస్‌ని 200 బార్ల దాకా నొక్కాలి. కారు టైరులో ఉండేది రెండు బార్ల చిల్లర. సిలిండర్‌లో దానికి తొంభై రెట్లు. వేలిగోరంత చోటు మీద, అంటే ఒక చదరపు సెంటీమీటరు మీద, రెండు వందల కిలోల బరువు పెట్టినట్టు. కొన్ని దేశాల్లో 250 బార్ల వరకు నింపే ఏర్పాటు కూడా ఉంది.

శక్తి లెక్కలో ఒక కిలో సీఎన్‌జీ సుమారు ఒకటిన్నర లీటర్ల పెట్రోల్‌కి సమానం. ‘గ్యాస్ మీద మైలేజీ పెరిగింది’ అని చాలామంది మురిసిపోయేది ఇందుకే. మైలేజీ పెరగలేదు, కొలత మారింది. లీటరుకి 18 కిలోమీటర్లు ఇచ్చే కారు కిలోకి 27 ఇవ్వాలి. సిలిండర్ బరువూ, ట్యూనింగ్ తేడాలూ పోను 24, 25 వస్తే బండి బాగున్నట్టే. 20కి దిగితే ఎక్కడో ఏదో తేడా ఉంది.

మొదటి అడుగు: మీకు నిజంగా అవసరమా

కాగితం మీద నాలుగు అంకెలు వేసుకోండి. లీటరు పెట్రోల్ ధరని మీ పెట్రోల్ మైలేజీతో భాగించండి. కిలో గ్యాస్ ధరని గ్యాస్ మైలేజీతో భాగించండి. రెంటికీ తేడాయే కిలోమీటరుకి మిగిలేది. అందులోంచి పదో వంతు తీసెయ్యండి. రోజూ ఉదయం బండి పెట్రోల్ మీద స్టార్ట్ అయి, వేడెక్కాకే గ్యాస్‌కి మారుతుంది కాబట్టి కొంత పెట్రోల్ ఎలాగూ కాలుతుంది. ఇప్పుడు కిట్ ఖర్చుని ఆ మిగులుతో భాగిస్తే, ఎన్ని కిలోమీటర్లు తిరిగాక పెట్టుబడి చేతికొస్తుందో తెలుస్తుంది. ఖర్చంటే ఒక్క కిట్టే కాదు. ప్లగ్గులు, ఫిల్టర్లు, సిలిండర్ పరీక్షలు, అదనపు బీమా కూడా కలపండి.

ఆ అంకె మీరు రెండేళ్లలో తిరిగే దూరం కన్నా తక్కువైతే ముందుకెళ్లండి. నాలుగైదేళ్లు పట్టేలా ఉంటే మానెయ్యడమే మంచిదని నా అభిప్రాయం.

లెక్కలోకి రాని రెండు విషయాలున్నాయి. మొదటిది బంకు. మీరు రోజూ వెళ్లే దారిలో గ్యాస్ బంకు లేకపోతే, దానికోసం పక్కకి తిరిగే ప్రతి కిలోమీటరూ నష్టమే. మీరు బయల్దేరే వేళకి అక్కడ క్యూ ఎంత ఉంటుందో వారం రోజులు గమనించి మరీ నిర్ణయించుకోండి. రెండోది డిక్కీ. 60 లీటర్ల స్టీలు సిలిండర్ పెట్టాక డిక్కీలో రెండు సంచులకి చోటు మిగిలితే గొప్ప.

తిరుగుడు అంతా రెండు మూడు కిలోమీటర్ల లోపే అయితే ఈ ఊసే వద్దు. ఇంజన్ వేడెక్కేలోపే గమ్యం వచ్చేస్తుంది, గ్యాస్‌కి మారేది ఎప్పుడు?

రెండో అడుగు: ఇంజన్ ఆరోగ్యం

ముసలి ఇంజన్‌కి కిట్ పెట్టి బాగుచేద్దామనుకోవద్దు. కిట్ ఏ జబ్బునీ తగ్గించదు, ఉన్న జబ్బుని పెంచుతుంది. ముందు కంప్రెషన్ పరీక్ష చేయించండి. ఇంజన్ లోపలి సిలిండర్లన్నింటిలో (గ్యాస్ సిలిండర్ కాదు) పీడనం ఇంచుమించు ఒకేలా ఉండాలి. ఒకటి మిగతావాటికన్నా బాగా తక్కువుంటే వాల్వులో రింగులో పోయినట్టు. అలాగే కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం) ఎక్కడా కారకూడదు, ఇగ్నిషన్ కాయిల్స్ గట్టిగా ఉండాలి, చెక్ ఇంజన్ లైటు వెలిగి ఉండకూడదు.

పెట్రోల్‌ని నేరుగా దహన గదిలోకి చిమ్మే డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజన్లతో జాగ్రత్త. వాటి ఇంజెక్టర్ ముక్కు మంటలోనే ఉంటుంది, దాన్ని చల్లబరిచేది అందులో పారే పెట్రోలే. పూర్తిగా గ్యాస్ మీద నడిపితే ఆ ముక్కు కాలిపోతుంది. అందుకే అలాంటి ఇంజన్లకి పెట్టే ప్రత్యేక కిట్లు గ్యాస్ మీద ఉన్నప్పుడు కూడా కొంత పెట్రోల్ చిమ్ముతూనే ఉంటాయి, ఆదా ఆ మేరకు తగ్గుతుంది. డీజిల్ కారైతే ఆ ఆలోచనే మానుకోండి. డీజిల్ ఇంజన్‌కి స్పార్క్ ప్లగ్గే ఉండదు. కారు స్థాయిలో ఆ మార్పిడి శ్రమకి తగ్గ ఫలితం ఇవ్వదు.

మూడో అడుగు: కంపెనీ బిగింపా, బయటి కిట్టా

కొత్త కారు కొంటూ ఉంటే, ఆ మోడల్‌లో సీఎన్‌జీ రకం ఉంటే, కళ్లు మూసుకుని అదే తీసుకోండి. గట్టి వాల్వ్ సీట్లు, సిలిండర్ బరువుకి తగ్గట్టు మార్చిన వెనక సస్పెన్షన్, రెండు ఇంధనాలకీ ఒకే చోట రాసిన ప్రోగ్రాం లాంటివి బయటివాళ్లు తర్వాత తెచ్చిపెట్టలేరు. వారంటీ గొడవా ఉండదు.

ఉన్న కారుకి పెట్టించాలంటే సీక్వెన్షియల్ కిట్ ఒక్కటే అడగండి. పాతకాలపు వెంచురీ కిట్‌లో గ్యాస్‌ని గాలి గొట్టంలోకి ఒకేచోట వదిలేస్తారు, ఇంజన్ పీల్చుకుంటుంది. కార్బురేటర్ బండ్లకి అది సరిపోయేది. ఇప్పటి ఇంజన్లకి పెడితే గాలి గొట్టమంతా మండే మిశ్రమంతో నిండి ఉంటుంది. ఒక్కసారి వెనక్కి పేలిందంటే ఇంజన్‌కి గాలి పంచే ప్లాస్టిక్ మానిఫోల్డో ఎయిర్ ఫిల్టర్ పెట్టో పగులుతుంది. సీక్వెన్షియల్ కిట్‌లో ఇంజన్‌లోని ప్రతి సిలిండర్‌కీ విడి గ్యాస్ ఇంజెక్టర్ ఉంటుంది. అసలు పెట్రోల్ ఈసీయూ (ఇంజన్‌ని నడిపించే చిన్న కంప్యూటర్) ఎంతసేపు చిమ్మమంటే, గ్యాస్ ఈసీయూ ఆ సమయాన్ని గ్యాస్‌కి తగ్గట్టు మార్చి చిమ్ముతుంది. తక్కువ ధరకి ఆశపడి వెంచురీ కిట్ పెట్టిస్తే మిగిలిన డబ్బు మానిఫోల్డ్‌కే పోతుంది.

గ్యాస్ సిలిండర్లలో నాలుగు రకాలు. మొదటి రకం మొత్తం లోహం. రెండో రకంలో లోహపు పాత్ర నడుముకి మాత్రమే ఫైబర్ చుట్టు ఉంటుంది. మూడో రకంలో లోహపు పాత్రంతా ఫైబర్‌తో కప్పేస్తారు. నాలుగో రకంలో లోపలి పాత్ర ప్లాస్టిక్, బలమంతా పైనున్న ఫైబర్‌దే. కార్లలో ఎక్కువ కనపడేది మొదటిదే: చవక, మొండి, బరువు. 60 లీటర్ల స్టీలు సిలిండర్ ఖాళీగానే అరవై కిలోల అటూఇటూ తూగుతుంది. డిక్కీలో ఒక మనిషిని ఎప్పటికీ కూర్చోబెట్టుకున్నట్టే. కాబట్టి వెనక టైర్లలో గాలి, పూర్తి లోడుకి కంపెనీ చెప్పినంత ఉంచండి.

అరవై లీటర్లంటే అరవై కిలోల గ్యాస్ కాదు, అది నీళ్లు పోస్తే పట్టే కొలత. గ్యాస్ తొమ్మిది కిలోల దాకా పడుతుంది, ఎండల్లో ఇంకా తక్కువ. కిలోకి 24 చొప్పున రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు.

నాలుగో అడుగు: బిగిస్తున్నప్పుడు దగ్గరుండి చూడండి

కిట్ బ్రాండ్ మీద జనం చేసే చర్చలో పదో వంతు బిగించే చెయ్యి మీద చెయ్యరు. నా మటుకు, మంచి చేతిలో మామూలు కిట్టే నయం. ఒక పూట సెలవు పెట్టి షెడ్డులో కూర్చోండి.

సిలిండర్ వచ్చిన వెంటనే దాని మెడ దగ్గర చెక్కిన అక్షరాలు ఫోటో తీసుకోండి. తయారీ సంఖ్య, తయారైన నెల, పని పీడనం 200 బార్లు, పరీక్ష పీడనం (సాధారణంగా 300 బార్లు), ఖాళీ బరువు, నీటి కొలత అన్నీ ఉంటాయి. సర్టిఫికెట్‌లోని సంఖ్య, లోహం మీది సంఖ్య ఒకటే అయి ఉండాలి. అంకెలు రుద్దేసి మళ్లీ కొట్టినట్టు అనుమానమొస్తే ఆ సిలిండర్ వద్దనండి.

స్టాండు బోల్టులు కారు అడుగు రేకులోంచి కిందికి దిగి, కింద వెడల్పాటి బలపు పట్టీలతో బిగిసి ఉండాలి. ఉత్త రేకు మీద చిన్న వాషర్ వేసి బిగిస్తే గుద్దుకున్నప్పుడు రేకు చీల్చుకుని సిలిండర్ సీటు మీదికి వస్తుంది. పట్టీకీ సిలిండర్‌కీ మధ్య రబ్బరు తప్పనిసరి. లోహం లోహాన్ని రాసుకుంటే అక్కడే తుప్పు మొదలవుతుంది.

సిలిండర్ వాల్వు మీద గాలి చొరబడని డిప్పనో సంచినో ఉండి, దాన్నుంచి ముడతల గొట్టం కారు కిందికి బయటికి పోవాలి. వాల్వు దగ్గర కొద్దిగా కారినా గ్యాస్ కారులోకి రాకుండా బయటికి పోవడానికే ఈ ఏర్పాటు. పని తొందరలో వదిలేసేది ఎక్కువగా దీన్నే. ఆ వాల్వులోనే మీ ప్రాణాలు కాపాడేవి మూడున్నాయి: చేత్తో తిప్పి ఆపే మూత, పైపు తెగి గ్యాస్ ఒక్కసారిగా ఎగదన్నితే తనంతట తనే అడ్డుపడే వాల్వు, మంటల్లో చిక్కుకుని వేడి 110 డిగ్రీల దరిదాపులకి చేరితే కరిగి, సిలిండర్ పేలకుండా గ్యాస్‌ని బయటికి వదిలేసే బిళ్ల.

ముందుకెళ్లే స్టీలు పైపు కారు అడుగున సైలెన్సర్ గొట్టానికి దూరంగా, అడుగడుగునా క్లిప్పులతో ఉండాలి. రెండు చివర్లా పైపుని గుండ్రంగా ఒకటి రెండు చుట్లు తిప్పారా చూడండి. ఆ చుట్లు అందం కోసం కాదు. ఇంజన్ ఊగినప్పుడు పైపు విరగకుండా స్ప్రింగులా సాగేవి అవే.

ఇక రెడ్యూసర్. 200 బార్ల గ్యాస్ ఇక్కడ ఒక్కసారిగా రెండు బార్ల దగ్గరికి దిగుతుంది. అలా వ్యాపించేటప్పుడు గ్యాస్ గడ్డకట్టేంత చల్లబడుతుంది. అందుకే ఇంజన్ కూలెంట్‌ని రెడ్యూసర్ చుట్టూ తిప్పి వేడి చేస్తారు. ఆ గొట్టాలు కలిపాక కూలెంట్‌లో చిక్కుకున్న గాలి బుడగల్ని తీశారో లేదో అడగండి. తర్వాతెప్పుడైనా రెడ్యూసర్ మీద మంచు పేరుకుంటే ముందు కూలెంట్ మట్టం చూడండి. చాలాసార్లు జబ్బు అక్కడే ఉంటుంది. రెడ్యూసర్ దెబ్బతిన్నదనుకుని మార్చేసి, కారుతున్న కూలెంట్‌ని పట్టించుకోకపోతే ఇంజనే పోతుంది.

ఐదో అడుగు: ట్యూనింగ్ రోడ్డు మీద జరగాలి

నిలబెట్టిన బండికి ల్యాప్‌టాప్ తగిలించి, ఐదు నిమిషాల్లో ‘ఆటో క్యాలిబ్రేషన్ అయిపోయింది సార్’ అంటే లేచి రావద్దు. అది సగం పనే. బండిని ముందు పెట్రోల్ మీద అన్ని వేగాల్లో నడిపి, ఏ లోడుకి ఎంతసేపు ఇంజెక్టర్ తెరుచుకుంటోందో నమోదు చెయ్యాలి. తర్వాత అదే దారిలో గ్యాస్ మీద నడిపి రెండు గీతల్నీ కలపాలి.

కుదిరిందో లేదో మీరే పట్టుకోవచ్చు. కారు కంప్యూటర్‌లోని అంకెలు చదివే ఓబీడీ స్కానర్ చవకగా దొరుకుతుంది, అది తగిలించి ఫ్యూయల్ ట్రిమ్ (ఈసీయూ తనంతట తను ఇంధనాన్ని ఎంత పెంచిందో తగ్గించిందో చెప్పే శాతం) చూడండి. పెట్రోల్ మీద సున్నాకి దగ్గరగా ఉండే దీర్ఘకాలిక ట్రిమ్, వారం రోజులు గ్యాస్ మీద తిరిగాక పదిహేను, ఇరవై శాతం ప్లస్‌లోకి వెళ్లిందనుకోండి. గ్యాస్ చాలక ఈసీయూ ఎక్కువెక్కువ అడుగుతోందని అర్థం. ఆ ప్లస్‌నే అది పెట్రోల్‌కీ అలవాటు చేసుకుంటుంది. అప్పుడు పెట్రోల్‌కి మారినప్పుడు నల్లపొగ, వాసన, ఆఖరికి చెక్ ఇంజన్ లైటు. కోడు చూస్తే పీ0171, అంటే మిశ్రమం పలచన. జనం ఆక్సిజన్ సెన్సర్ మార్చేస్తారు. మార్చాల్సింది సెన్సర్ని కాదు, ఏ లోడుకి ఎంత గ్యాస్ చిమ్మాలో చెప్పే పట్టికని, అంటే మ్యాప్‌ని.

మీథేన్ మంట పెట్రోల్ మంట కన్నా నెమ్మదిగా పాకుతుంది. కాబట్టి రవ్వ కాస్త ముందుగా పడాలి. టైమింగ్ అడ్వాన్సర్ అనే చిన్న పెట్టె ఆ పని చేస్తుంది. మీ ఇంజన్‌కి సరిపోయేది దొరికితే పెట్టించండి, పికప్‌లో తేడా కాలికి తెలుస్తుంది. ఎంత చేసినా పెట్రోల్‌తో సమానమైన పికప్ మాత్రం రాదు. సరైన మిశ్రమంలో దాదాపు పదో వంతు చోటుని గ్యాసే ఆక్రమిస్తుంది, అంత గాలి తక్కువ లోపలికి వెళ్తుంది, ఆ మేరకు శక్తి తగ్గుతుంది. గ్యాస్ ఆక్టేన్ (నొక్కినా వేళకి ముందే అంటుకోకుండా తట్టుకునే గుణం) 120 పైన ఉంటుంది గనక ఎక్కువ కంప్రెషన్ పెట్టి ఆ లోటు పూడ్చుకోవచ్చు. కానీ అది గ్యాస్ కోసమే తయారైన ఇంజన్లకి కుదిరే పని, పెట్రోల్‌తో పంచుకునే మన ఇంజన్‌కి కాదు.

ఆరో అడుగు: కాగితాలు

కారు రిజిస్ట్రేషన్‌లో ఇంధనం మార్పు నమోదు కావాలి, బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలపాలి. విసుగు పుట్టించే పని, నిజమే. కానీ నమోదు కాని కిట్‌తో ప్రమాదం జరిగితే, ప్రమాదానికి కిట్‌తో సంబంధం లేకపోయినా, క్లెయిము తిరస్కరించడానికి అదొక్కటి చాలు.

ఏడో అడుగు: గ్యాస్ నింపించడం

ఇంజన్ ఆపండి, అందరూ దిగండి. నిద్రపోతున్న పిల్లాడైనా సరే లేపి దింపాల్సిందే. నింపుతున్నప్పుడు నాజిల్‌కి ఎదురుగానూ, తెరిచిన డిక్కీ దగ్గరా నిలబడొద్దు. పైపో కనెక్టరో ఊడితే ఆ పీడనంతో కొట్టేది ఆ వైపే. సిగరెట్ సంగతి వేరే చెప్పక్కర్లేదు.

ఒక చిత్రం గమనించండి. నింపించి ఇంటికొచ్చేలోపు గేజులో ఒక చుక్క దిగిపోతుంది. లీకేమోనని కంగారు పడతారు. వేగంగా నింపేటప్పుడు సిలిండర్ లోపలి గ్యాస్ నొక్కుకుపోయి వేడెక్కుతుంది. వేడి గ్యాస్ తక్కువ బరువుతోనే 200 బార్లు చూపిస్తుంది, మెషీన్ ఆగిపోతుంది. గంట తర్వాత చల్లబడితే అదే గ్యాస్ 170 దగ్గర నిలబడవచ్చు. మోసమేమీ లేదు, బిల్లు కిలోల లెక్కనే వేస్తారు. కాకపోతే తక్కువ పట్టింది. ఎండాకాలంలో తెల్లవారుజామునో రాత్రిపూటో నింపిస్తే కొంచెం ఎక్కువ ఎక్కుతుంది. రద్దీ వేళల్లో బంకు దగ్గరే పీడనం పడిపోయి 150, 160 కే ఆపేస్తారు, అప్పుడు గంట క్యూ కట్టి ముప్పాతిక సిలిండరుతో బయటపడాల్సి వస్తుంది.

మీటరు వైపు చూడండి, ఎన్ని కిలోలు పట్టిందో, ఓడోమీటరు ఎంతో రాసి పెట్టుకోండి. డ్యాష్‌బోర్డు మీద వెలిగే నాలుగు చుక్కల్ని నమ్ముకుని మైలేజీ లెక్కకట్టలేం. అవి పీడనాన్ని చూపిస్తాయి గానీ బరువుని కాదు.

ఎనిమిదో అడుగు: రోజూ నడపడం

పొద్దున్న స్టార్ట్ చేసేది పెట్రోల్ మీదే. కూలెంట్ నలభై డిగ్రీల దరిదాపులకి వచ్చాక కిట్ తనంతట తనే మారుతుంది. స్విచ్చి నొక్కి తొందరపెట్టొద్దు. కొన్ని కంపెనీ బిగింపు కార్లు నేరుగా గ్యాస్ మీదే స్టార్ట్ అవుతాయి, వాటి పుస్తకంలో ఉన్నట్టు చెయ్యండి.

పెట్రోల్ ట్యాంకు ఎప్పుడూ పావు వంతు పైనే ఉంచండి. చాలా కిట్లలో గ్యాస్ మీద నడుస్తున్నా ట్యాంకులోని పంపు తిరుగుతూనే ఉంటుంది, దాన్ని చల్లబరిచేది చుట్టూ ఉన్న పెట్రోలే. రిజర్వు లైటు వెలుగుతుండగా నెలల తరబడి గ్యాస్ మీద తిరిగి, ఒకరోజు పంపు మాడి నడిరోడ్డు మీద ఆగిపోయినవాళ్లని చూశాను. గ్యాస్ ఉంది, బండి కదలదు. ఎందుకంటే స్టార్ట్ అవ్వాలన్నా పెట్రోలే కావాలి. వారానికొకసారి పది పదిహేను కిలోమీటర్లు పూర్తిగా పెట్రోల్ మీద నడిపితే ఇంజెక్టర్లు జిగురు పట్టవు, నిల్వ పెట్రోల్ కూడా మారుతుంది.

నిండు లోడుతో ఘాటెక్కేటప్పుడు, లారీని దాటేటప్పుడు ముందే పెట్రోల్‌కి మారండి. సగం దాటాక స్విచ్చి వెతుక్కోవద్దు.

తొమ్మిదో అడుగు: సర్వీసు

స్పార్క్ ప్లగ్గుల కథ మొదట్లోనే చెప్పాను. పెట్రోల్ బండికి చెప్పిన గడువులో సగానికే వాటిని విప్పి చూడండి. గ్యాప్ 0.7, 0.8 మిల్లీమీటర్ల దగ్గర ఉంచితే చాలా ఇంజన్లకి సుఖంగా ఉంటుంది. ఇరీడియం ప్లగ్గులైతే గ్యాప్ వంచబోయి కొన విరగ్గొట్టకండి, సరైన గ్యాప్‌తో వచ్చేవే కొనండి.

గ్యాస్ ఫిల్టర్లు రెండుంటాయి. ఎక్కువ పీడనం వైపు ఒకటి, ఇంజెక్టర్లకి ముందు ఇంకొకటి. బంకు కంప్రెసర్ నుంచి సన్నటి ఆయిల్ తుంపర గ్యాస్‌తో పాటు వస్తుంది. ఫిల్టర్ దాన్ని ఆపకపోతే ఇంజెక్టర్ల లోపల నల్లటి జిగురై పేరుకుంటుంది, ఇంజన్‌లోని ఒక్కో సిలిండర్‌కి ఒక్కో కొలత గ్యాస్ వెళ్తుంది. ఐడిల్‌లో బండి వణికితే మొదట ఆ ఫిల్టర్ విప్పి వేళ్ల మధ్య నలపండి. జిడ్డు తగిలితే కారణం దొరికినట్టే.

ఇప్పుడు ఎవరూ చెప్పని సంగతి. పెట్రోల్ ఆవిరవుతూ ఇన్‌టేక్ వాల్వుల్ని చల్లబరుస్తుంది, సన్నటి పొరగా మిగిలి వాల్వుకీ సీటుకీ మధ్య మెత్తలా పనిచేస్తుంది. గ్యాస్ పొడి ఇంధనం, ఆ మెత్త ఉండదు. వాల్వు సీటులోకి కొంచెం కొంచెంగా దిగబడిపోతుంది. దిగబడిన కొద్దీ ట్యాపెట్ సందు (వాల్వుకీ దాన్ని నొక్కే భాగానికీ మధ్య ఖాళీ) తగ్గుతుంది, ఒక రోజుకి వాల్వు పూర్తిగా మూసుకోదు, అంచు కాలిపోతుంది. తమాషా ఏమిటంటే సందు తగ్గితే ట్యాపెట్ల టకటక కూడా తగ్గుతుంది. ‘ఇంజన్ ఈమధ్య ఎంత మెత్తగా నడుస్తోందో’ అని సంబరపడుతుండగానే పొద్దున్న స్టార్టింగ్ కష్టమవుతుంది. సందు చేత్తో సర్దాల్సిన రకం ట్యాపెట్లయితే ఇరవై వేల కిలోమీటర్లకొకసారి ఫీలర్ గేజుతో (సందు కొలిచే సన్నటి రేకుల కట్ట) కొలిపించండి.

ఇంజన్ ఆయిల్ త్వరగా నల్లబడదు. తేనె రంగులోనే ఉంటుంది కదా అని గడువు దాటించొద్దు. మసి లేకపోయినా వేడికి ఆయిల్ పాడవుతూనే ఉంటుంది. రంగుని కాదు, కిలోమీటర్లని చూసి మార్చండి. ఎయిర్ ఫిల్టర్ మాత్రం మామూలు కన్నా త్వరగా మార్చండి, గాలికి అసలే కరువున్న ఇంజన్ అది.

మీథేన్ మండితే బోలెడు నీటి ఆవిరి పుడుతుంది. దగ్గర దూరాలే తిరిగే బండిలో ఆ నీళ్లు సైలెన్సర్ లోపలే నిలిచి తుప్పు పట్టిస్తాయి. వారానికొకసారైనా అరగంట పాటు బాగా వేడెక్కేలా నడపండి.

లీకు పరీక్ష ఇంట్లోనే చేసుకోవచ్చు. ఆరుబయట, ఇంజన్ ఆపేసి, సబ్బు నురగని చిన్న బ్రష్‌తో ఒక్కో జాయింటుకి రాయండి: సిలిండర్ వాల్వు, నింపే వాల్వు, రెడ్యూసర్ మొదలు. నిమిషం ఆగండి. పెద్ద లీకైతే బుడగలు వెంటనే ఉబుకుతాయి. చిన్నదైతే ఆవగింజంత తెల్లటి నురగ ఒకేచోట నెమ్మదిగా పేరుకుంటుంది. కనిపించగానే స్పానర్ తియ్యబోకండి. పీడనంలో ఉన్న జాయింటుని బిగించడం చాలా ప్రమాదం. సిలిండర్ మూత తిప్పి కట్టెయ్యండి, బండిని పెట్రోల్ మీద షెడ్డుకి తీసుకెళ్లండి. పైపులో మిగిలిన గ్యాస్ ఖాళీ చేసి బిగించడం వాళ్ల పని.

సిలిండర్ హైడ్రో టెస్టు ఎన్నేళ్లకొకసారి అన్నది ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంటుంది, తేదీ మీ సర్టిఫికెట్‌లోనో పలక మీదో ఉంటుంది. సిలిండర్‌ని విప్పి, నీళ్లు నింపి, పని పీడనానికి ఒకటిన్నర రెట్లు, అంటే సాధారణంగా 300 బార్ల దాకా ఒత్తిడి పెట్టి, ఎంత సాగింది, తిరిగి ఎంత సర్దుకుంది అని కొలుస్తారు. సిలిండర్‌ని విప్పకుండా డబ్బు తీసుకుని ముద్ర వేసిన కాగితం చేతిలో పెడతామనేవాళ్లు తగులుతారు. ఆ కాగితం బంకులో మనిషిని నమ్మిస్తుంది గానీ సిలిండర్‌ని కాదు. అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం సిలిండర్ ఆయుష్షు ఇరవై ఏళ్లు మించకూడదు, మీ సిలిండర్ మీద అంతకన్నా తక్కువ రాసి ఉంటే అదే లెక్క.

గుద్దుకున్నాక, మంట తగిలాక సిలిండర్‌ని గడువుతో పనిలేకుండా పరీక్ష చేయించాలి. కారుకి రంగు వేయించి ఓవెన్‌లో ఆరబెడతామంటే సిలిండర్ విప్పించి పంపండి. దాని దగ్గర్లో వెల్డింగ్ అన్న మాటే రానివ్వకండి.

పర్యావరణం గురించి ఒక మాట: గొట్టం చివర కొలిస్తే పెట్రోల్ కన్నా కార్బన్ డయాక్సైడ్ ఇరవై శాతం పైగా తక్కువే వస్తుంది, మసి దాదాపు ఉండదు. కానీ మండకుండా తప్పించుకున్న మీథేన్, వందేళ్ల లెక్కలో కార్బన్ డయాక్సైడ్ కన్నా సుమారు 28 నుంచి 30 రెట్లు భూమిని వేడెక్కిస్తుంది. కారుతున్న కిట్‌తో తిరుగుతూ గాలిని కాపాడుతున్నామనుకోవడం కుదరదు.

పదో అడుగు: వాసన వస్తే

మీథేన్‌కి సొంత వాసన లేదు. లీకు తెలియడానికి కుళ్లిన గుడ్డు లాంటి వాసనున్న పదార్థం కలుపుతారు. ఈ గ్యాస్‌లో రెండు మంచి గుణాలున్నాయి. గాలి కన్నా తేలిక, కాబట్టి ఎల్‌పీజీలా నేల మీద గుంటల్లో నిలవదు, పైకెగిరిపోతుంది. తనంతట తను అంటుకోవాలంటే 540 డిగ్రీల దాకా వేడి కావాలి, పెట్రోల్‌కి మూడొందల లోపే చాలు. అయితే గాలిలో 5 నుంచి 15 శాతం మధ్య కలిసి ఉన్నప్పుడు చిన్న రవ్వ కూడా సరిపోతుంది. పైగా ‘పైకెగిరిపోతుంది’ అన్న మంచి గుణం పైకప్పు లేనిచోటే. మూసిన షెడ్డులో, సెల్లార్‌లో అదే గ్యాస్ కప్పు కింద, సరిగ్గా లైట్లు ఉండే ఎత్తులో చేరుతుంది.

నడుస్తుండగా వాసన వస్తే అద్దాలు దించి, ఖాళీ చోట ఆపి, ఇంజన్ కట్టెయ్యండి. అందర్నీ దింపండి. తలుపులు, డిక్కీ తెరిచి సిలిండర్ వాల్వు మూతని గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పి మూసెయ్యండి. బుస్సుమని శబ్దం వస్తున్నా, మంట కనిపిస్తున్నా వాల్వు జోలికి వెళ్లకండి. దూరంగా వెళ్లి అగ్నిమాపక దళానికి ఫోన్ చెయ్యండి. వాల్వు మూశాక వాసన పూర్తిగా పోయేదాకా ఆగి, ఆ తర్వాతే పెట్రోల్ మీద బయల్దేరండి.

ఆ మూత ఎక్కడుందో, ఎటు తిప్పాలో మీ కారు నడిపే ప్రతి ఒక్కరికీ ఈరోజే చూపించండి. మా ఇంట్లో చూపించిన రోజున తెలిసింది, మూడేళ్లుగా దాన్ని ఎవరూ ముట్టుకోక బిగుసుకుపోయిందని. సిలిండర్ ఖాళీ చేయించి, కొత్త వాల్వు వేయించాం. ఇప్పుడు నెలకొకసారి, టైర్లలో గాలి చూసే రోజున, దాన్ని మూసి తెరుస్తున్నాను.